వెయ్యేళ్ళ గింజకు తొలి గాటు

క్రితం వారం మనం వదిలిపెట్టేసరికి మొలకత్తయ్య కుర్చీలోంచి సగం లేచి, "నేను కొయ్యను" అంటోంది. పాపం, వారం రోజులుగా అలా సగం లేచే ఉంది. ముందు ఆవిణ్ణి కూర్చోబెడదాం.

కొత్తగా చదవబోయేవాళ్ళకి నాలుగు మాటలు. మొలకత్తయ్య ముప్పై రెండేళ్ళుగా విత్తన భాండారంలో మొలక పరీక్షలు చేస్తోంది. తడి కాయితాల మీద గింజలు పరవడం, మొలిచినవి లెక్కపెట్టడం, రిజిస్టర్లో రాయడం ఆవిడ పని. రిజిస్టర్లో మూడే గళ్ళు: మొలిచినవి, చచ్చినవి, గట్టివి. పెంకు నీటిని లోపలికి రానివ్వక, మొలవకా కుళ్ళకా ఉండిపోయినవి గట్టివి. లోపల నిద్రపోతోందో, ఎప్పుడో కన్నుమూసిందో పైనుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పాత గిడ్డంగి పునాదులు తవ్వుతుంటే మూత బిగించిన మట్టికుండ దొరికింది. అందులో పంతొమ్మిది గింజలు. ఏ మొక్కవో చెప్పగలిగినవాళ్ళు లేరు. పొట్టు ముక్క పంపితే, వాటి వయసు పదకొండు వందల ఏళ్ళని తేల్చారు. పన్నెండు చెయ్యి తగలగానే పొడైపోయాయి. నాలుగు తడికాయితం మీద కుళ్ళాయి. మిగిలిన మూడూ ముప్పై రోజులుగా తడిలో కూర్చుని ఉలకవు, పలకవు. భాండారం కమిటీ ఇచ్చిన గడువు ఈ సాయంత్రం అయిదింటికి తీరుతుంది. బతికున్నట్టు రుజువు చూపించకపోతే మూడూ మ్యూజియం అద్దాలపెట్టెలోకి పోతాయి. రుజువుకి దారి ఒక్కటే. ఒకదాన్ని కోసి, ముక్కని ఎర్రమందులో వెయ్యాలి. నీళ్ళలా ఉండే ఆ మందు ఊపిరున్నచోట మాత్రమే ఎరుపెక్కుతుంది. కానీ కోసిన గింజ ఇక గింజ కాదు.

"కూర్చోండత్తయ్యా," అంది డైరెక్టరమ్మ.

"కూర్చుంటాను. కొయ్యను."

ఈ డైరెక్టరమ్మ పదిహేనేళ్ళ కిందట ఇదే గదిలోకి శిక్షణకి వచ్చిన పిల్ల. మొదటిరోజే గింజలు పరిచి చుట్టిన తడికాయితం చుట్టని తలకిందులుగా నిలబెట్టి, నాలుగువందల వేళ్ళూ వంకర తిరిగేలా చేసింది. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టించి మరీ ఇంటికి పంపింది మొలకత్తయ్య. ఇప్పుడు ఆ పిల్ల సంతకం లేనిదే ఈ గదిలో దూది కూడా కదలదు. పదిమందిలో ఉంటే 'మేడం', ఇద్దరే ఉంటే 'అమ్మడూ'. ఇప్పుడు గదిలో ఇద్దరే ఉన్నారు. మ్యూజియం ఆయన వరండాలో, ఒళ్ళో పెట్టె పెట్టుకుని పెళ్ళిచూపులకొచ్చినవాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. పెట్టెలో మఖమలు గుడ్డ మీద మూడు గుంటలు ముందే తొలిపించుకుని తెచ్చాడు.

"ఆయన గుంటలు తవ్వుకునే వచ్చాడత్తయ్యా," అంది డైరెక్టరమ్మ. "ఒకటి పోతేనేం, రెండు దక్కుతాయి."

"ఆ ఒకటీ బతికుంటే?"

"బతికుందని తెలుస్తుంది."

"తెలిసేసరికి బతికుండదు కదే."

బల్ల మీద భూతద్దం దీపం వెలుగుతోంది. దాని కింద గాజు పళ్ళెంలో మూడు గింజలు, చిన్న గోళీలంత, ముదురు గోధుమరంగులో నున్నగా మెరుస్తున్నాయి.

మొలకత్తయ్యకి ఒక పిచ్చి ఉంది, దాన్ని ఇక్కడ చెప్పకపోతే ఆవిడ మొండితనం అర్థం కాదు. ఎండుగింజ తినదు, తాగదు. ఊపిరి కొలిచే యంత్రం పెడితే ముల్లు కదలదు. అలాంటప్పుడు అది బతికున్నట్టా, లేనట్టా? బతికుంటే ఆ ప్రాణం ఏ మూల దాక్కుంది? బతికి లేకపోతే, రెండు చుక్కల నీళ్ళు పడగానే ఎక్కణ్ణించి వస్తోంది? ఈ ప్రశ్నతో ఆవిడ పట్టుకోని మనిషి లేడు. చదువు చెప్పిన మాస్టారు, "దీన్ని కూడా గట్టివి గళ్ళో రాసుకో" అని నవ్వేశాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఇంట్లో మావయ్య, అంటే ఆవిడ భర్త, వాచీలు బాగుచేస్తాడు. "ఆగిన వాచీ చచ్చిందో బతికుందో నాకేం తెలుసు, కీ ఇచ్చి చూస్తాను" అన్నాడు. "వాచీకి కీ ఇచ్చే చెయ్యి ఒకటుందిగా" అని ఆవిడ అన్నాక, ఆయన కూడా రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు. మిగతా ప్రశ్నలన్నీ ఆవిణ్ణి విడిచిపెట్టాయి గాని ఇది మాత్రం వయసుతోపాటు పెరిగింది. ఇప్పుడు పదకొండు వందల ఏళ్ళ వయసుతో ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అమ్మడూ, నీకొకటి చెప్పాలి," అంది మొలకత్తయ్య. "చెప్పాక నువ్వే కొయ్యమనవు. చారల చిక్కుడు తెలుసుగా?"

డైరెక్టరమ్మ నవ్వింది. "తెలుసుగా ఏంటత్తయ్యా? దానికోసం ఆరేళ్ళు చెప్పులరిగేలా తిరిగాను. నా డాక్టరేటు పుస్తకంలో సగం అదే."

"ఎలా పోయిందని రాశావు?"

"తెగులుతో పోయిందని. ఇంకే కారణమూ దొరకలేదు."

"తెగులు కాదు. నా పెన్సిలు."

డైరెక్టరమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. తీసెయ్యడం మర్చిపోయినట్టుంది.

మొలకత్తయ్య చెప్పడం మొదలుపెట్టింది, కళ్ళు పళ్ళెం మీదే పెట్టుకుని. "ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఆ చిక్కుడు పండించే ఆఖరి రైతు తొమ్మిది బస్తాలు మనకిచ్చేసి వ్యవసాయం మానేశాడు. నాలుగువందల గింజలు పరీక్షకి పెట్టాను. ఎనిమిదోరోజుకి పదకొండు మొలిచాయి. మిగతావి వేలితో నొక్కితే రాళ్ళలా ఉన్నాయి. గట్టివి గళ్ళో రాసి ఇంకో ఇరవై రోజులు ఉంచాలి, అదీ పద్ధతి. కానీ బీరువాలో చోటు లేదు, కొత్త సరుకు గుమ్మంలో ఉంది. పైగా నాకు అన్నీ తెలుసనుకునే వయసు. మూడువందల ఎనభై తొమ్మిది, చచ్చినవి, అని రాశాను. అన్ని చచ్చాయంటే సరుకు మొత్తం బాయిలర్లో వెయ్యాలని రూలు. వేశారు."

"మరి అవి..."

"ఆర్నెల్లయ్యాక బీరువా జరిపాం. వెనక గొట్టం కారుతోంది. అక్కడ ఒక గింజ పడుందన్నమాట. బీరువా కాలుని పట్టుకుని మూరెడు పాకింది. ఒక ఆకు మీద పెంకు ఇంకా అతుక్కునే ఉంది, చారలతో సహా. అక్కడే కూలబడిపోయానమ్మడూ. కుండీలో పెట్టి పసిపిల్లని చూసుకున్నట్టు చూశాను. వెలుగెరగని మొక్క, ఎండకి తట్టుకోలేక నాలుగురోజుల్లో పోయింది. ఎవరికీ చెప్పలేదు. మావయ్యకి కూడా చెప్పలేదు."

డైరెక్టరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద రోడ్డు మీద ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా ఆమె వెనక్కి తిరగలేదు. ముప్పై ఏళ్ళు మోసిన బరువు దించితే తేలికవుతుందంటారు గాని, అదంతా మొయ్యనివాళ్ళు చెప్పే మాట.

"నేను మీ ఇంట్లో కూర్చునే ఆ అధ్యాయం రాశానత్తయ్యా," అంది డైరెక్టరమ్మ చివరికి. గొంతు పెరగలేదు. "మీరు పక్కనే కూర్చుని నాకు టీ కలిపిచ్చారు."

"ఇచ్చాను."

"తెగులు అని రాస్తుంటే చూశారు."

"చూశాను. నోరు పెగల్లేదు."

తర్వాత డైరెక్టరమ్మ వచ్చి బల్లకి అవతల కూర్చుంది. బ్లేడు ఉన్న పళ్ళేన్ని వేలితో ఇటు తోసింది.

"నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ సంగతి తర్వాత చూసుకుందాం. ఇది చెప్పండి. ఆ రోజు మూడువందల ఎనభై తొమ్మిదిలో ఒక్క గింజని, ఒక్కదాన్ని కోసి మందులో వేసుంటే ఏమయ్యేది?"

మొలకత్తయ్య బ్లేడు పళ్ళేన్ని కొంచెం వెనక్కి జరిపింది.

"ఎరుపెక్కేది. తొమ్మిది బస్తాలూ బతికేవి. మీరు కోసినందుకు పోలేదవి. కొయ్యకుండా రాసినందుకు పోయాయి."

ఈ మాట ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తట్టలేదు మొలకత్తయ్యకి. తను చేసింది తొందర అనే అనుకుంది, కోసి చూడకపోవడం పిరికితనం అనుకోలేదు. తను నేర్పిన పిల్ల తనకే పాఠం చెబుతుంటే కోపం రావాలి న్యాయంగా. రాలేదు. దీపాన్ని కిందికి వంచి, పట్టకారు చేతిలోకి తీసుకుంది.

"అంచు మాత్రం కోస్తాను," అంది. "గోరుముక్కంత. మొలక ఉన్న కొస వదిలేసి, దానికి ఎదుటి కొస. ముక్క మందులోకి, గింజ తడికాయితం మీదికి. కుదిరితే రెండూ దక్కుతాయి."

"మొలక ఎటుందో తెలుస్తుందా?"

"చిక్కుడైతే కాయకి అంటుకున్న చోట కన్ను కనిపిస్తుంది, కన్ను పక్కనే మొలక. దీనికి అరిగిపోయింది. ఇటొక గుంట, అటొక గుంట. ఒకటి కన్ను, ఒకటి ఉత్త సొట్ట."

గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా తిప్పింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. ఎడమ గుంట కొంచెం లోతుగా ఉంది. ముప్పై రెండేళ్ళు గింజలు తడిమిన వేళ్ళు ఎడమదే కన్ను అన్నాయి. కుడి అంచున బ్లేడు ఆనించి, ఒక్క నొక్కు నొక్కింది. టిక్కుమంది. అప్పుడు సమయం పది నలభై.

ముక్క లోపలివైపు తెల్లగా, మైనంలా ఉంది. దాన్ని మందులో వేసి, వెలుగు తగలకుండా మూతపెట్టి, వెచ్చటి అలమరలో పెట్టారు. ఇక మూడున్నర గంటలు చెయ్యగలిగిందేమీ లేదు. మ్యూజియం ఆయనకి టీ ఇచ్చారు. ఆయన మర్యాదగా పెట్టె పక్కన పెట్టి తాగి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. గదిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పాత చుట్టలు విప్పి మొలకలు లెక్కపెట్టారు. లెక్క రెండుసార్లు తప్పారు.

రెండుంబావుకి మూత తీసింది మొలకత్తయ్య.

ముక్కని భూతద్దం కిందకి జరిపి పక్కకి తప్పుకుంది. డైరెక్టరమ్మ వంగి చూసింది, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ముక్క ఎర్రగా ఉంది.

ఏదో లేతగా అంటినట్టు కాదు. అంచునించి లోపలిదాకా, ఒక్క మచ్చ లేకుండా ఎరుపు. ఈ గింజని కాయలోంచి ఒలిచినప్పుడు ఈ రోడ్డు లేదు, ఈ ఊరు లేదు. వీళ్ళిద్దరూ మాట్లాడుకునే మాటలు ఈ రూపంలో లేవు. దాన్ని ఒలిచిన చేతులు ఎవరివో, వచ్చే ఏడు నాటుదామనే కుండలో పోసి మూత బిగించాయి. ఆ వచ్చే ఏడు రాలేదు. నలభై తరాల మనుషులు పుట్టి పోయారు. తిండి లేదు, నీళ్ళు లేవు, వెలుగు లేదు. అయినా ఈ మధ్యాహ్నం ఒక గాజు పళ్ళెంలో గోరంత ముక్క ఊపిరి పీల్చింది. మొలకత్తయ్య స్టూలు వెతుక్కుని కూర్చుంది. చేతులు రెండూ తనకి తెలియకుండానే జోడించుకుంది, ఎవరికో మాత్రం తెలీదు.

"ఇన్నాళ్ళూ ఎక్కడుందత్తయ్యా?" అంది డైరెక్టరమ్మ గుసగుసగా. పొద్దున్నించి మొదటిసారి చిన్నపిల్లలా అడిగింది.

"అక్కడే ఉందే. అదే అర్థం కానిది."

మళ్ళీ లేచి భూతద్దంలోకి చూసింది. ఈసారి కళ్ళ తడి ఆరాక చూసింది, పని తెలిసిన మనిషిగా చూసింది. ఎరుపు మధ్యలో ఒకచోట, సూదిమొనంత మేర, మిగతా ఎరుపుకంటే చిక్కగా ఉంది. ఆ చిక్కదనం ఎక్కడ వస్తుందో ఆవిడకి తెలుసు. వేరు మొనలో వస్తుంది. ప్రాణం ఎక్కడ ఎక్కువ ఉరకలేస్తుందో అక్కడ.

"తప్పు వైపు కోశాను," అంది.

డైరెక్టరమ్మకి విడమరిచి చెప్పక్కర్లేదు. వేరు మొన తెగిన గింజ మొలవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పదకొండు వందల ఏళ్ళు బతికింది," అంది మొలకత్తయ్య. "పది నలభై దాకా."

డైరెక్టరమ్మ ఏం చెయ్యాలో తోచక ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. పొద్దున విన్నదాన్ని మర్చిపోలేదు, క్షమించనూ లేదు. అయినా చెయ్యి వేసింది. తర్వాత ఫోను తీసి కమిటీ పెద్దాయనకి చేసి, ఇద్దరూ వినేలా స్పీకరు పెట్టింది.

"బతికే ఉన్నాయండీ. ఎరుపెక్కింది."

అవతల పెద్దాయన ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది. ఆయనా గింజల మనిషే. "ఏమ్మా, నిజంగానా," అన్నాడు. "నా జన్మలో ఈ మాట వింటాననుకోలేదు. ఇదిగో విను. మిగతా రెంటినీ ఎవర్నీ ముట్టుకోనివ్వకు. రేపు పొద్దున పెద్ద ల్యాబువాళ్ళు వస్తారు. పలచగా పొరలు పొరలుగా కోసి చూస్తారు. ఇన్నేళ్ళు ప్రాణం ఏ మూల దాక్కుందో, ఎలా దాక్కుందో తేల్చేస్తారు. ప్రపంచంలో ఎవరికీ తెలీని సంగతమ్మా అది. మీ మొలకత్తయ్యకి చెప్పు, ఆవిడ ప్రశ్నకి జవాబు దొరకబోతోందని."

"రెంటినీ కోస్తారాండీ?"

"రెండుంటేనే గదమ్మా, ఒకదానితో ఒకటి పోల్చేది."

డైరెక్టరమ్మ ఫోను పెట్టేసింది. చచ్చాయంటే అద్దాలపెట్టె. బతికాయంటే కత్తి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ సంగతి.

మొలకత్తయ్య పళ్ళెం వంక చూస్తూ కూర్చుంది. ఆ జవాబు ఆవిడకి కావాలి. కూడు గుడ్డ కంటే ఎక్కువగా కావాలి. పొరలు కోసి, పెద్ద పెద్ద యంత్రాల కింద పెట్టి, 'ఇదిగో ఇక్కడుంది' అని ఎవరైనా చూపిస్తే, ఆ ఒక్క క్షణం కోసం ముప్పై రెండేళ్ళ సర్వీసూ ధారపోస్తుంది. అది నిజం, దాచడమెందుకు. రేపు పొద్దుటిదాకా చేతులు ముడుచుకు కూర్చుంటే చాలు, ఆ జవాబు దానంతటదే గుమ్మంలోకొస్తుంది.

"రెండోది ఇటివ్వు," అంది.

"ఏం చేస్తారు?"

"మొలక ఎటుందో ఇప్పుడు తెలిసింది. లోతు తక్కువ గుంటే కన్ను, లోతుది సొట్ట. లోతు గుంట వైపు పెంకు మీద చిన్న గాటు పెడతాను. లోపలికి నీళ్ళు పోనీ."

"ఎవర్నీ ముట్టుకోనివ్వద్దన్నాడాయన. నా ఉద్యోగం అత్తయ్యా."

"నీదీ, నాదీ. నేను ఇప్పటికే ఒకదాన్ని చంపాను. తొమ్మిది బస్తాలు వేరే. ఇది నాటుకోడానికి దాచుకున్న గింజే. కోసుకోడానికి దాచలేదెవరూ."

"మరి మీ ప్రశ్న?"

"నా ప్రశ్న ఇన్నాళ్ళాగింది. ఇంకొంచెం ఆగుతుంది."

డైరెక్టరమ్మ తలుపు వంక చూసింది. వరండాలో మ్యూజియం ఆయన పెట్టె మూత తెరిచి, గుంటల మీద దుమ్ము ఊదుకుంటున్నాడు. ఆమె వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. పళ్ళెంలో రెండు గింజలున్నాయి. ఒకదాన్ని పట్టకారుతో తీసి మొలకత్తయ్య అరచేతిలో పెట్టింది.

"మూడోదాని సంగతి?"

"ముందు దీని సంగతి చూడనీ."

బ్లేడు అంచుతో లోతు గుంట వైపు పెంకు మీద గీసింది. ఒకసారి గీస్తే నునుపు పోయింది. రెండోసారికి సన్నటి తెల్లగీత కనిపించింది. అక్కడితో ఆపేసింది. డైరెక్టరమ్మ గాజుపుల్లతో ఒక నీటిచుక్క తెచ్చి ఆ గీత మీద వదిలింది. చుక్క ఒక్క క్షణం గుండ్రంగా నిలబడింది. తర్వాత మెల్లగా చదునై, సన్నబడి, లోపలికి ఇంకిపోయింది.

ఇద్దరూ తలలు ఆనించి చూస్తున్నారు. నీళ్ళు తాగిన గింజకి మళ్ళీ నిద్ర లేదు. ఇక అది మొలవాలి, లేదా కుళ్ళాలి.